అరవకపోవడమే సాక్ష్యం

ఆడదాని నోరు నొక్కేసి, ఎందుకు అరవలేదని అడిగే రాజ్యం ఒకటుండేది. కోటపాలకుడు తనను బలాత్కరించాడని, కోటకు గడ్డి మోసే ఈరమ్మ అక్కడ ఫిర్యాదు చేసింది.

ధర్మాధికారి విరూపాక్షయ్య రాజుగారి ఎదుట తీర్పు చెప్పాడు. "గది చుట్టూ అంతమంది ఉన్నా ఈమె అరవలేదు. అంటే ఇష్టపడినట్టే. ఆ మౌనమే సాక్ష్యం."

ఈరమ్మ మేనత్త సుంకులమ్మ, "తమ తీర్పుకో దండం బాబూ!" అంటూ ఆయన కాళ్లమీద పడి, బొటనవేలిలోకి గోరు దించింది. విరూపాక్షయ్యకు ప్రాణం గిలగిల్లాడింది. కానీ ఎదురుగా రాజు ఉన్నాడు. పళ్లు బిగబట్టి, చిరునవ్వు చెదరకుండా కూర్చున్నాడు.

సుంకులమ్మ లేచి, నెత్తురంటిన గోరు సభకు చూపించింది. "బాబుగారు అరవలేదు. ఇష్టపడినట్టేనా?"

"ఓసి దుర్మార్గురాలా! ప్రభువు ముందు ఎలా అరుస్తానే?"

"ఆ గదిలో మా ఈరికి కోటపాలకుడే ప్రభువు గదా బాబూ!"

సభలో ఎవరూ నవ్వలేదు. వేలికన్నా ముఖం ఎక్కువ మండింది విరూపాక్షయ్యకు. మౌనమే సాక్ష్యమని చెప్పి తాను వెనక్కి పంపేసిన ఆడవాళ్లందరూ గుర్తొచ్చారు.

"మౌనం సాక్ష్యం కాదు ప్రభూ. ఈరమ్మ మాటే సాక్ష్యం. కోటపాలకుడు దోషి" అన్నాడు.

ఈరమ్మకు క్షమాపణ చెబుదామని నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు.