తూటా మీద కేసు

"తప్పంతా కేసులో ఉంది ఉస్తాద్. నా చేతిలో లేదు."

"ఏ కేసప్పా? స్టేషన్‌లోదా, కోర్టులోదా?"

"ఆ కేసు కాదు ఉస్తాద్. తూటా కేసు. ఇదో, గుండుని కరుచుకొని ఉంటాదే, ఈ డొప్ప. మాకిచ్చేది అల్యూమినియంది. పక్క జిల్లా వాళ్ళకేమో ఇత్తడిది."

పీరాన్ సాబ్ నవ్వలేదు. ముప్పై ఏండ్లు పోలీసు తుపాకులు బాగుచేసి కొలువు దిగిపోయిన మనిషి ఆయన. ఇప్పుడు ఈ కొండ కింద కాల్పుల రేంజిలో పిస్తోలు కాల్చడం నేర్పిస్తాడు. పేలిపోయిన ఖాళీ కేసు ఒకటి పెదవికి ఆనించుకొని మెల్లగా ఊదతా ఉండాడు. ఎక్కడో పిట్ట కూసినట్టు సన్నగా వినపడతా ఉంది.

కుళ్ళాయప్ప కానిస్టేబులు. రేపే జిల్లా పోలీసుల పిస్తోలు జట్టు ఎంపిక. ఇప్పటికే రెండుసార్లు ఓడినాడు. ఈసారీ పోతే ఇంక పిలవరు. నెల రోజులుగా అతని దెబ్బలన్నీ గురిపలక మీది నల్లచుక్కకి కిందనే పడతా ఉండాయి. కలలో కాల్చినా కిందనే.

"గుండ్లు చూడాల ఉస్తాద్ వాళ్ళవి! సీసం మీద ఎర్రగా పూత పూసింటారు. గొట్టంలో సీసం అంటుకోదంట, పొగ తక్కువంట. మావి వట్టి సీసం. సత్తు గిన్నెలో సద్దన్నం పెట్టినట్టుంటాది."

"అయితే తూటా మీద కేసు పెడదామంటావు."

"పెట్టాల్సిందే."

ఉస్తాద్ లేచి గదిలోకి పోయినాడు.

పొద్దు అప్పుడప్పుడే కొండ ఎక్కతా ఉంది. మంచు ఇంకా పోలేదు. ఎదురుగా గుండ్లు ఆపే మట్టికట్ట. దాని తడి మీద పసుపుపచ్చ సీతాకోకలు గుంపుగా వాలి ఉండాయి. పిస్తోలు మోగితే అన్నీ ఒక్కసారి లేస్తాయి, ఎవరో పిడికెడు పసుపు చల్లినట్టు. కాసేపటికి మళ్ళీ అక్కడే వాల్తాయి.

ఉస్తాద్ వచ్చి పిడికిలి విప్పినాడు. ఒక్క తూటా. ఇత్తడి కేసు మెరస్తా ఉంది. గుండు దానిమ్మ గింజంత ఎర్రగా ఉంది.

కుళ్ళాయప్ప దాన్ని అరచేతిలో పెట్టుకొని చూసినాడు. చల్లగా, బరువుగా ఉంది.

"ఇదే ఉస్తాద్! ఇట్లాంటివి ఒక పెట్టె ఉంటే..."

"ఒకటి కొట్టు, చూద్దాం."

ఉస్తాదే దాన్ని పిస్తోల్లో పెట్టి ఇచ్చినాడు. కుళ్ళాయప్ప చెవుల్లో దూది కుక్కుకున్నాడు. లోకమంతా దూరంగా జరిగిపోయింది, బావిలో మునిగినట్టు. తన ఊపిరి తప్ప ఏమీ లేదు. చెయ్యి ఎత్తినాడు. నల్లచుక్క మంచులో తేలతా ఉంది. మెల్లగా నొక్కినాడు.

చేతిలో టక్కుమని తగిలింది. అంతే.

మోత లేదు, పొగ లేదు. పిస్తోలు మూతి మాత్రం నాలుగు వేళ్ళంత కిందికి దిగి ఉంది. ఎవరో పట్టి గుంజినట్టు. కుళ్ళాయప్ప తన చేతిని ఇంకొకరి చేతిని చూసినట్టు చూసినాడు. కట్ట మీద పసుపు రెక్కలు తీరిగ్గా మూసుకుంటా, తెరుసుకుంటా ఉండాయి.

ఉస్తాద్ దగ్గరికొచ్చి అతని చెవిలో దూది తీసినాడు.

"సీతాకోకలు లేయలేదు, చూసినావాప్పా?"

కుళ్ళాయప్ప కట్ట వైపు చూసి, చేతిలో పిస్తోలు వైపు చూసినాడు.

"దీంట్లో... మందు లేదా ఉస్తాద్?"

"లేదు. నేనే చేసుకున్నా."

ఆయన ఆ తూటా బయటికి తీసి, అంగీకి తుడిచి జేబులో వేసుకున్నాడు. అల్యూమినియం తూటాల పెట్టె ముందుకు జరిపినాడు. మందు లేనివి ఇంకో నాలుగు అల్యూమినియంవి అందులోనే కలిపినాడు. ఆ పొద్దంతా తనే పెట్టి ఇస్తా పోయినాడు. ఏది పేల్తాదో, ఏది పేలదో చెప్పలేదు. మొదట్లో ప్రతిసారీ ఇది పేల్తాదా అని చెయ్యి అడిగేది, పేలకముందే కిందికి దిగేది. మధ్యాహ్నానికి అడగడం మానేసింది.

మర్నాడు ఎంపికలో పక్కనున్న పిల్లోడు ఎర్ర గుండ్ల పెట్టె తెరిచి, "అన్నా, కావల్నా?" అన్నాడు. కుళ్ళాయప్ప ఒకటి తీసుకొని వెలుగులో చూసినాడు. "బాగుండాయబ్బా" అని తిరిగిచ్చేసినాడు. తన సత్తు తూటాలు పెట్టుకున్నాడు. సాయంత్రం జట్టు కాగితంలో మూడో పేరు అతనిదే.

కొన్నేండ్లకి ఉస్తాద్ పోయినాక ఆ ఎర్ర తూటా కుళ్ళాయప్ప జేబులోకి వచ్చింది. రేంజిలో నేర్పించే పని కూడా అతనికే వచ్చింది. పిస్తోలు మంచిది కాదని, తూటా మంచిది కాదని కొత్తవాళ్ళు వస్తానే ఉంటారు. అతను లేచి ఆ ఎర్రదాన్నే పిస్తోల్లో పెట్టి ఇస్తాడు. నడి ఎండాకాలంలో కట్ట మీద ఒక్క రెక్క కూడా ఉండదు. అయినా టక్కుమన్నాక, ఆ కొత్తోని చెవిలో దూది తీసి, ఉస్తాద్ అన్న మాటే ఒక్క అక్షరం మార్చకుండా అంటాడు.

"సీతాకోకలు లేయలేదు, చూసినావాప్పా?"