పైమెట్టు మీది తల

అనగనగా ఒక కాలవగట్టు ఊళ్ళో, ఉండ్రాళ్ళతద్ది నాడు, వరహాలు అనే పిల్లకి అన్యాయం జరిగింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మిగతాది చెబుతాను. ఊఁ కొడుతూ ఉండు తల్లీ, నువ్వు ఊఁ కొట్టకపోతే నేను గోడకి చెప్పుకోవాలి.

వరహాలు రెండో తరగతి చదివేది. నడుం దాకా జుట్టు. వాళ్ళమ్మ సుభద్ర ఇంట్లోనే మిషను పెట్టుకుని వీధిలో ఆడవాళ్ళందరికీ రవికెలు కుట్టేది.

ఆ రోజు పిల్లలు మామిడికొమ్మకి ఉయ్యాల వేసుకుని వంతులవారీగా ఊగుతున్నారు. వరహాలు వంతు వచ్చింది. ఎక్కి కూర్చుంది. అప్పుడు దాని స్నేహితురాలు తులసి, రోజూ దాంతో తలకి తల ఆనించి గవ్వలాడే పిల్లే, దాని పాపిట్లో పాకుతున్నదాన్ని చూసి "పేను, పేను" అని కేక పెట్టింది.

తులసి తల్లి మాణిక్యమ్మ వచ్చింది. ఊగే ఉయ్యాల ఆపి, వరహాలుని రెక్క పట్టుకుని దింపేసింది. "శుభ్రం లేని తలతో నలుగురిలోకి పంపొద్దని మీ అమ్మతో చెప్పు. వచ్చే నెల అట్లతద్దికీ ఇదే తలతో వస్తే ఉయ్యాల ముట్టుకోనివ్వను" అంది.

అదీ అన్యాయం. ఎంత అన్యాయమో వింటుంటే నీకే తెలుస్తుంది.

వరహాలు అక్కడ ఏడవలేదు. ఇంటికొచ్చి మిషను కింద దూరి ఏడిచింది. సుభద్రకి తల కొట్టేసినట్టయింది. వారం వారం కుంకుడుకాయతో తలంటి పోసే పిల్ల. కానీ పేనుకి మురికి తలా, కడిగిన తలా అని పట్టింపు లేదమ్మా. దానికి కావలసింది వెచ్చటి నెత్తురు. అది ఎగరదు, దూకదు. ఒక తలకి ఇంకో తల ఆనిందా, నడిచి పోతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందో నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత సుభద్ర, చదువుకున్నది కూడానూ, వరసగా తెలివితక్కువ పనులు మొదలుపెట్టింది.

మొదట కిరసనాయిలు రాసి గుడ్డ కట్టింది. పిల్ల నెత్తి మంటెక్కి బొబ్బలు లేచాయి. పేలు మాత్రం హాయిగా ఉన్నాయి. ఆ తలతో పిల్ల పొయ్యి దగ్గరికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో చెప్పను, నీకు నిద్ర పట్టదు.

అప్పుడు మాణిక్యమ్మ జాలిపడి తులసి చేత చీమలమందు పొట్లం పంపింది. సుభద్ర విప్పబోయి, పొట్లం మీద పుర్రె బొమ్మ చూసింది. చీమలు చచ్చేది పిల్లకి మంచిదెలా అవుతుందని, తీసుకెళ్ళి పిల్లలకి అందని చోట పెట్టేసింది. ఆ ఒక్కసారీ బుద్ధి పనిచేసింది.

ఆ తర్వాత గుండు చేయిద్దామని మంగలిని పిలిచింది. వరహాలు పీట మీద కూర్చుని, రెండు జడలూ చేతుల్లో పట్టుకుని, "అట్లతద్దికి పూలెక్కడ పెడతావమ్మా?" అని అడిగింది. అంతే అడిగింది. సుభద్ర మంగలికి కాఫీ ఇచ్చి పంపేసింది.

మర్నాడు పొద్దున్నే పిల్లని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పిల్ల చెవుల వెనకాలా, మెడ మీదా పాయలు తీసి చూసింది. "దురద ఇక్కడే ఎక్కువుంటుంది కదూ? ఈ తెల్లటివి చూశావా, ఈపులు, పేలు పెట్టిన గుడ్లు. చుండ్రయితే ఊదితే ఎగిరిపోతుంది. ఈపి వెంట్రుకకి బంకతో అతికించినట్టుంటుంది, గోళ్ళతో పట్టి లాగాలి" అని సుభద్ర చేతనే లాగించింది.

అప్పుడు, బొబ్బలు మానాక వాడమని ఒక మందుసీసా ఇచ్చింది. "తలకి పట్టించి, సీసా మీద రాసి ఉన్నంతసేపే ఉంచి కడిగెయ్యి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ చస్తాయనుకోకు. మందుకి పేలు చస్తాయి, ఈపులన్నీ చావవు. అందుకని వారం దాటాక మళ్ళీ ఒకసారి రాయాలి. మధ్యలో రోజు విడిచి రోజు తడిజుట్టుకి నూనె పట్టించి, పేలదువ్వెనతో కుదుళ్ళ నుంచి కొసల దాకా దువ్వు. దువ్విన ప్రతిసారీ దువ్వెన తెల్లగుడ్డకి తుడిచి చూడు. పిల్ల ఎవరితో తల ఆనించి ఆడుతుందో వాళ్ళ తలలూ చూడాలి సుమా."

సుభద్ర అన్నీ బుద్ధిగా విన్నది. చివరి మాట మాత్రం చెయ్యలేదు. రవికెలు కుట్టించుకునేవాళ్ళ ఇళ్ళకెళ్ళి "మీ తలలు చూపించండి" అని అడిగితే రేపట్నుంచి మిషను మీద బూజు పడుతుందని భయం.

మందు రాసింది. దువ్వింది. తన తలా దువ్వి చూసుకుంది, అందులో ఏమీ లేదు. దిండు గలీబులు వేణ్ణీళ్ళలో ఉడకేసింది. వరహాలు ముక్కు చీదుతూ, కాళ్ళు మారుస్తూ, కదలకుండా కూర్చుంది. తెల్లగుడ్డ మీద మొదట బోలెడన్ని పడ్డాయి, తర్వాత ఒకటీ అరా, ఆ తర్వాత ఏమీ పడలేదు. తల్లీకూతుళ్ళు గవ్వలాడుకున్నారు.

తులసి కూడా వాళ్ళమ్మ కన్నుగప్పి ఆటకి వస్తూనే ఉంది.

రెండోసారి మందు కూడా అయింది. ఇంక లేదనుకున్న రోజున గుడ్డ మీద మళ్ళీ ఒకటి పడింది. బాగా బలిసిన పేను. ఈపిలోంచి నిన్నగాక మొన్న వచ్చింది అంత ఉండదు. సుభద్ర దాన్ని చూసి, "ఇది మనింట్లో పుట్టింది కాదు" అంది. అట్లతద్ది దగ్గరికొస్తోంది. వరహాలు కిటికీలోకెక్కి కూర్చుంది.

ఎదురుగా మాణిక్యమ్మ ఇల్లు. కాలవ పొంగితే నీళ్ళు రాకుండా ఎత్తుగా కట్టిన ఇల్లు, వీధిలోకి బారెడు మెట్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలో ఆడవాళ్ళందరూ ఆ మెట్ల మీద చేరేవాళ్ళు. మెట్టుకొకళ్ళు. పైమెట్టు మీదావిడ కిందమెట్టావిడ తల చూస్తుంది, ఆవిడ తన కిందావిడ తల చూస్తుంది. అలా కింది దాకా, కబుర్లు చెప్పుకుంటూ. అది ఆ వీధి వాడుక. ఇల్లు మాణిక్యమ్మది కాబట్టి అన్నిటికన్నా పైమెట్టు ఆవిడది. దాని కింద తులసి.

వరహాలు చూస్తూనే ఉంది. మాణిక్యమ్మ ఒక చేత్తో తులసి తల చూస్తూ, రెండో చేత్తో తన కొప్పులో జడపిన్ను దోపి గోక్కుంటోంది. "వేడి చేసిందే, మజ్జిగ తాగాలి" అంటోంది.

"అమ్మా, మాణిక్యమ్మత్త తల ఎవరు చూస్తారు?" అని అడిగింది వరహాలు.

సుభద్ర మిషను ఆగిపోయింది.

అప్పుడు సుభద్ర పేలదువ్వెనా, తెల్లగుడ్డా తీసుకుని వీధి దాటింది. మెట్ల మీద అందరూ జరిగి దారిచ్చారు.

"రవికె అయిందా?" అంది మాణిక్యమ్మ.

"రవికె రేపు. మీరొక మెట్టు దిగండి వదినగారూ. మీ వెనకాల కూర్చోవాలి."

"ఎందుకూ?"

"తల చూడ్డానికి."

మాణిక్యమ్మ ముఖం కందగడ్డయింది. "నా తలా? నీ పిల్ల తల బాగుచేసుకోలేక నా మీద పడ్డావా? ఇంక నీ దగ్గర రవికె కుట్టిస్తానా నేను?"

సుభద్ర అడుగు వెనక్కి వెయ్యలేదు. "మానెయ్యండి. నా పిల్లని నలుగురిలో దింపేశారు. నలుగురిలోనే చూస్తాను."

తులసి తల గోక్కుంటూ, "నాకూ దురదగానే ఉందమ్మా. చెబితే వేడి అన్నావు" అంది.

మాణిక్యమ్మ కూతురి వంక చూసింది. కాసేపటికి ఒక మెట్టు దిగింది.

సుభద్ర గుమ్మంలో కూర్చుని కొప్పు విప్పింది. సవరం ఊడి చేతికొచ్చింది. నూనె రాసి ఒక్క దువ్వు దువ్వి గుడ్డకి తుడిచింది. నల్లనువ్వులు ఒలకబోసినట్టయింది, నడిచే నువ్వులు. కిందిమెట్టు మీద ఒకావిడ నవ్వబోయి, తన తల గుర్తొచ్చి మానుకుంది.

మాణిక్యమ్మ వంచిన తల ఎత్తకుండానే చెప్పింది: "కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఈ మెట్టు మీదే కూర్చుంటున్నాను సుభద్రా. నీ తల చూస్తానని ఒక్కరన్నా అన్లేదు."

"మీరు చూడనిస్తారని ఎవరమనుకున్నాం వదినగారూ" అంది సుభద్ర. ఈసారి నెమ్మదిగా దువ్వింది.

ఆ తర్వాత వీధి వీధంతా డాక్టరమ్మ దగ్గరికి కదిలింది. పేలున్న తలలన్నిటికీ ఒకే రోజున మందు రాశారు. చంటిపిల్లలకి మాత్రం డాక్టరమ్మ మందు వద్దంది, దువ్వెనే చాలంది. గలీబులూ, దుప్పట్లూ, మాణిక్యమ్మ సవరమూ వేణ్ణీళ్ళలో పడ్డాయి. వారం దాటాక మళ్ళీ రాశారు. సాయంత్రాలు మెట్ల మీద కబుర్లకి బదులు దువ్వెన చప్పుడే.

ఆ తర్వాత అట్లతద్ది వచ్చింది. మామిడికొమ్మకి ఉయ్యాల పడింది. తులసి అందరికన్నా ముందు ఎక్కబోతే మాణిక్యమ్మ ఆపింది. "ఆగు. ముందు వరహాలు. ఆ రోజు దాని వంతు నేను పాడుచేశాను" అని, పిల్లని తనే ఎత్తి కూర్చోబెట్టి, తనే ఊపింది. రెండు జడల నిండా కనకాంబరాలు. ఎంత ఎత్తు ఊగిందంటే సుభద్ర "చాలు, చాలు" అని కేక పెట్టింది.

సాయంత్రం అందరి తలలూ మరోసారి దువ్వి చూశారు, మాణిక్యమ్మ తలే ముందు. అప్పుడు సుభద్ర ఇంటికొచ్చి, గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో మిషను పక్క గోడ మీద రాసుకుంది: "ఆశ్వయుజ బహుళ తదియ, బుధవారం. వీధిలో ఒక్క తలలోనూ పేను లేదు."

కథేమో కంచికి,
గలీబేమో ఎండకి,
పేనేమో వేణ్ణీళ్ళకి,
మనమేమో నిద్దరకి.