ఇప్పలగొంది పక్కింటమ్మ

ఇప్పలగొంది మన్యంలో కొండల నడుమ ఉన్న చిన్న ఊరు. బస్సు దిగి వాగు దాటితే పక్కింటమ్మ గద్దె కనబడుతుంది. గోపురం లేదు, పందిరి కూడా లేదు. ఎండలో నల్లరాయి, దాని మీద పసుపు, అంతే. అమ్మవారికి ఇదేం పేరని నవ్వుకునే భక్తులు ఏటా ఉంటారు. నవ్వుకోవచ్చు, అమ్మ ఏమీ అనుకోదు. కథ విన్నాక మాత్రం ఆ నవ్వు నిలవదు.

పూర్వం ఇక్కడ సింగరెడ్డి అనే గృహస్థు ఉండేవాడు. అతనికి శుభ్రమంటే ప్రాణం. అడవి ఆకు రాల్చడం మొదలుపెట్టిందంటే చీపురు దించేవాడు కాదు. అతని వాకిట్లో ఎండుటాకు కనిపిస్తే ఒట్టు. కార్చిచ్చు ఆకుల మీదుగానే ఇంటిదాకా వస్తుందని అతనికి బాగా తెలుసు. అయితే ఊడ్చిన ఆకులను మోసుకెళ్లి ఊరవతలి గుంటలో పోయాలంటే మాత్రం ఎక్కడలేని బద్ధకం. అన్నీ దడి పక్కకు నెట్టేవాడు. దడి అవతల అతని వదిన గురవమ్మ ఇల్లు. అన్న పోయాక ఆమె ఒంటరిగా ఉంటోంది. రేపు ఎత్తిపోద్దాంలే అనుకునేవాడు సింగరెడ్డి. రోజులు గడిచాయి, కుప్ప దడి అంత ఎత్తయింది.

ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. ఏరుకునే పూలు కనబడాలని చెట్ల కింద ఆకులకు నిప్పు పెట్టడం అప్పటి అలవాటు. ఆ ఏడు గాలి మళ్లి మంట ఊరి మీదికి వచ్చింది. జనం వాగులోకి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. తిరిగొచ్చి చూస్తే దడి పక్క కుప్ప అంటుకుని గురవమ్మ ఇల్లు బూడిదైంది. విత్తనాల బుట్టలు కూడా మిగలలేదు. మిగతా ఇళ్లు దూరంగా ఉండి బయటపడ్డాయి. ఆనుకునే ఉన్న సింగరెడ్డి ఇంటికి మాత్రం చిన్న సెగ కూడా తగల్లేదు.

కొండదేవతే అతని వాకిట నిలబడి కాపాడిందన్నారు ఊరివారు. అక్కడే రాయి నిలిపి కోడిని కోశారు. మరి పక్కిల్లు ఎందుకు కాలింది? గురవమ్మ ఏదో అపచారం చేసి ఉంటుందని తేల్చి, అమావాస్య లోపు ఊరు విడిచి పొమ్మని పెద్దలు తీర్పు చెప్పారు. సింగరెడ్డి నోరు విప్పలేదు. మెడలో దండ వేస్తుంటే అతనికి తల కొట్టేసినట్టయింది. అయినా వేయించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గురవమ్మ వచ్చి ఆ రాయికి మొక్కింది.

"మరిదీ, నీ మాటైతే అమ్మ వింటాది. నేనేం తప్పు చేశానో కాస్త అడిగి చెప్పయ్యా," అంది.

సింగరెడ్డి ఆమె ముఖం చూడలేక లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నం కునుకులో అమ్మ కనిపించింది. జుట్టు మాడిపోయి, ఒళ్లంతా బూడిదతో ఉంది.

"నేను నీ ఇంట లేనురా. పక్కింట్లో కాలిపోయాను. నన్ను అక్కడికి చేర్చు," అని ఆజ్ఞాపించింది.

లేస్తూనే రాయిని పెకలించి భుజానికెత్తుకున్నాడు. గురవమ్మ ఇంటి బూడిదలో దించి, మూగిన జనంతో, "ఆ ఆకులు నావి. ఈ ఇల్లు కాల్చింది నేనే. పంపితే నన్ను పంపండి," అన్నాడు.

గురవమ్మ జనంలోంచి ముందుకొచ్చి అంది.

"నువ్వు నెట్టడం రోజూ చూస్తానే ఉన్నా మరిదీ. మనోడే కదా, ఎత్తుకుపోతాడులే అనుకున్నా. పొద్దున నీ కాడికొచ్చింది కూడా నీ నోటితో చెబుతావేమోననే."

నాలుగు తిట్లు తిట్టి ఉంటే అతనికి తేలికయ్యేది. ఆమె తిట్టలేదు. సింగరెడ్డి అందరి ముందూ చంటిపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దలు కూడా సిగ్గుపడి, తామే వెదుళ్లు కొట్టుకొచ్చి ఆమెకు మరో ఇల్లు కట్టారు. రాయి మాత్రం ఆ బూడిదలోనే ఉండిపోయి పక్కింటమ్మగా పూజలందుకుంటోంది.

నేడు ఇప్పచెట్ల కింద ఎవరూ నిప్పు పెట్టరు. ఆకు రాలే కాలంలో ప్రతివారూ ముందు పక్కింటి వాకిలి ఊడ్చి, ఆ తరువాతే తమది ఊడుస్తారు. దర్శనానికి వచ్చిన భక్తులు గద్దె చుట్టూ ఉన్న ఆకులను ఒక గంపెడు ఎత్తి, "ఇవి నావే తల్లీ" అని చెప్పి గుంటలో పోయాలి. అలా చేసిన వారి ఇంటినీ, వారి పక్కింటినీ అమ్మ చల్లగా చూస్తుందని నమ్మకం. ఎక్కడి నుంచో వచ్చాం, ఈ ఆకులు మావెలా అవుతాయని కొందరు వాదిస్తారు. ఊరివారు వారి చేతికీ ఒక గంప ఇస్తారు. గంప చంకకెత్తుకున్నాక చాలామంది గుంటదాకా తల దించుకునే నడుస్తారు.