చిగురులమ్మ సన్నిధిలో మేకకు అభయం దొరికిన వృత్తాంతం

పూర్వం ఈ గుట్ట దిగువ పల్లెలో గవరయ్య అనే గృహస్థు విషజ్వరంతో మంచం పట్టగా, అతని ఇల్లాలు సింగమాంబ గుట్టమ్మ తల్లికి మొక్కుకొన్నది. భర్త లేచి కూర్చున్న నాటి నుంచి ఆ సాధ్వి పెరడంతా ముద్దమందారాలు పెంచి, ప్రాణమున్నంత కాలం తల్లి పాదాలకు తన పెరటి పువ్వు తప్పనివ్వనని దీక్ష పూనింది. భక్తి ఎంతో మొండితనమూ అంతే. అమ్మవారి చెట్టుకు కత్తి తగిలితే మహాపాపమని ఎండుపుల్లనైనా విరవనిచ్చేది కాదు.

ఏళ్లు గడిచేసరికి కొమ్మలు సాగి సాగి దడిమీద వాలిపోయి, పూత నానాటికీ సన్నగిల్లింది. మొక్కు తప్పితే తల్లి ఇచ్చిన ప్రాణాన్ని తిరిగి తీసుకుంటుందేమోనని సింగమాంబకు కంటిమీద కునుకు లేదు. అంతలో మృగశిర కార్తెలో ఎక్కడిదో ఒక నల్లమేక గుట్ట దిగి వచ్చి, మిగిలిన మొగ్గలతో సహా చెట్లన్నీ మోళ్లు చేసింది.

"నా మొక్కు మింగేశావు గదే, నీ కడుపు కాల! శ్రావణ జాతరకు నిన్నే తల్లికి ఇస్తా చూడు!" అని ఆమె దాన్ని వీధివాకిట గుంజకు కట్టేసింది. ఆ మోళ్లను చూడలేక పెరటి తలుపు మూసేసి, నాటి నుంచి ఉత్త నీళ్లచెంబుతో గుట్ట ఎక్కి ఏడ్చి వచ్చేది.

జాతరనాడు ఊరివారు వచ్చి మేక మెడకు పసుపు పూస్తుండగా, పెరట్లోకి వెళ్లిన గవరయ్య కేకపెట్టాడు. "ఒసే, ఇట్లా రావే! ఇవన్నీ ఎప్పుడు పూశాయే!"

మేక కొరికిన ప్రతి చోటా కొత్త చిగుళ్లు గుత్తులుగా లేచి, ఆకు కనబడనంత ఎర్రగా విరబూసి ఉన్నాయి. సింగమాంబ వచ్చి ఆ పంటిగాట్లను తడిమి చూసింది. వాకిట్లోకి పరుగెత్తి మేకను వాటేసుకొన్నది.

"ఆగండయ్యా! నా చెట్లకు ప్రాణం పోసింది ఇదే. దీని మెడమీద కత్తి పెడితే నా మెడమీద పెట్టినట్టే!"

తొలి దండ దాని మెడలోనే వేసి గుట్టమీదికి నడిపించింది. గర్భగుడిలోకి వెళ్లిన మేక మళ్లీ ఎవరి కంటా పడలేదు. ఆ ఇల్లాలు గడపమీద సాగిలపడి, "నీ మొక్కు నేను తీరుస్తున్నాననుకొన్నా తల్లీ. అదీ నువ్వే తీర్చుకొన్నావా!" అని ఆనందబాష్పాలు రాల్చింది.

నాటి నుంచి గుట్టమ్మ చిగురులమ్మ అయినది. నేటికీ ఆ సన్నిధిలో జీవబలి లేదు. తొలకరికి ఊరివారు తమ మందారాలను కత్తిరించి కొమ్మలు గుడికి తెస్తారు. అర్చకులు వాటిని తల్లి పాదాలకు తాకించి, వచ్చినవారికి తలా ఒకటి ప్రసాదంగా ఇస్తారు. అది ఎవరి పెరట్లో నాటుకొన్నా, మొదటి పువ్వు మాత్రం ఈ గుట్టకే వస్తుంది.