రంగులరాట్నం ఎక్కిన కాటుకమ్మ

అనగనగా ఒక అడవిలో, మూడు కొండల అవతల, ఎండాకాలం రాగానే ఏరు ఎండిపోయే చోట, కాటుకమ్మ అనే గేదె ఉండేది. ఏరు ఎండగానే ఆ ఇసుకలో జంతువులన్నీ ఒక్క రోజు తిరునాళ్ళు చేసుకునేవి. పెద్ద తిరునాళ్ళేం కాదు పిల్లలూ. నక్క పుచ్చకాయ ముక్కలు పెడుతుంది. కోతి గాజులు పరుస్తుంది, అవి పట్టే చెయ్యి ఆ అడవిలో తనకొక్కదానికే ఉన్నా సరే. ఎలుగుబంటి వీరాసామి రంగులరాట్నం తిప్పుతాడు. దానికి రెండే చెక్కతొట్లు. ఒకటి పైకి వెళ్తే ఇంకొకటి కిందికి వస్తుంది.

పోయినేడు ఒక మేక ఆ రాట్నం పైకి వెళ్ళి "మే" అంది. కిందవాళ్ళంతా తలలెత్తి "అబ్బ" అన్నారు. అప్పటినుంచి కాటుకమ్మకు నెమరు సరిగా పడలేదు. "ఇంత ఒళ్ళు పెట్టుకుని తిరుగుతున్నా, నన్ను చూసి ఒక్కరన్నా అబ్బ అన్నారా?" అని ఏడాదంతా కుమిలింది.

ఈ ఏడు తిరునాళ్ళు రానే వచ్చాయి. కాటుకమ్మ పొద్దున్నే లేచి, రోజూ పొర్లే బురదగుంట వైపు కూడా చూడకుండా, ఒళ్ళంతా పసుపు రాసుకుంది. దాని వీపు మీద సూరయ్య అనే కొంగ కాపురముండేవాడు.

"ఈ పూటకి దిగు సూరయ్యా. అలంకారం పాడవుతుంది" అంది.

"దిగుతాలే అక్కా. కానీ బురద పూసుకోకుండా ఎండలోకి వెళ్తే మాడిపోతావు" అన్నాడు సూరయ్య.

"మాడితే మాడతాను. అందరూ చూస్తే చాలు" అంది కాటుకమ్మ. సూరయ్య దిగి వెనకాలే నడిచాడు.

కాటుకమ్మ వెళ్ళి తొట్లో కూర్చుంది. తొట్టి సగం ఇసుకలోకి దిగిపోయింది. వీరాసామి తోశాడు. రాట్నం కదల్లేదు.

"ఎదురు తొట్లో బరువు పడాలమ్మా" అన్నాడు.

పైనున్న ఆ తొట్టికి నిచ్చెన వేశాడు. మొదట పది కుందేళ్ళు ఎక్కాయి. రాట్నం కదల్లేదు. తర్వాత మేకలూ, జింకలూ, వాటి చుట్టాలూ ఎక్కారు. రాట్నం కిర్రుమంది కానీ కదల్లేదు. చివరికి నక్క తన పుచ్చకాయలతో సహా ఎక్కింది, కోతి గాజుల బుట్టతో ఎక్కింది. ఇక బరువున్నవాళ్ళెవరూ మిగల్లేదని వీరాసామి కూడా ఎక్కి కూర్చున్నాడు. అప్పుడు కదిలింది రాట్నం. కాటుకమ్మ ఆకాశంలోకి లేచింది.

పైకి చేరి, కొమ్ములు సర్దుకుని, గొంతు సవరించుకుని కిందికి చూసింది. తిరునాళ్ళలో ఒక్క ప్రాణి లేదు. అందరూ కింది తొట్లో ఒకరి మీద ఒకరు కుక్కుకుని ఉన్నారు.

"నన్ను చూడండర్రా" అంది.

"ఎలా చూసేదమ్మా, నా మొహం మీద మేక తోక ఉంది" అన్నాడు వీరాసామి.

ఇసుకలో ఒంటికాలి మీద నిలబడి సూరయ్య ఒక్కడే చూస్తున్నాడు. "నేను చూస్తున్నా అక్కా. పసుపు కారిపోతోంది" అన్నాడు.

ఎండ ముదిరింది. బురద లేని చర్మం చుర్రుమంది. "ఇక దించండి" అంది కాటుకమ్మ.

"మేము దిగితే నువ్వు దిగవు, పడతావు" అన్నాడు వీరాసామి.

అంతలో ఒక కుందేలు కాలు బయటపెట్టింది. పై తొట్టి కిర్రుమని కాస్త జారింది. కాటుకమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"కదిలావంటే తొక్కేస్తా" అని అరిచింది.

"అక్కడినుంచా?" అంది కుందేలు. అని రెండో కాలు కూడా బయటపెట్టింది.

"వద్దు నాయనా, కదలకుండా కూర్చున్నవాళ్ళని వచ్చే ఏడు తిరునాళ్ళకి పెద్దని చేస్తా" అని కాటుకమ్మ బతిమాలింది. అంతే, ఆ పెద్దరికం నాదంటే నాదని తొట్లో కొట్లాట మొదలైంది. రాట్నం ఊగిపోయింది.

కాటుకమ్మకు ఏడుపొచ్చింది. "నాకు భయమేస్తోంది" అంది నిజం చెప్పేసి. "మీరు కూర్చున్నారు కాబట్టే నేనిక్కడున్నాను. ఆ సంగతి నాకు తట్టనే లేదు. సూరయ్యా, ఏం చెయ్యాలో నువ్వే చెప్పు తమ్ముడూ."

కొట్లాట ఆగిపోయింది. "అందరూ ఒకేసారి దిగకండి" అన్నాడు సూరయ్య. "చిన్నవాళ్ళు ముందు. ఒక్కొక్కరే, మెల్లిగా."

రాట్నం ఇరుసుకి వీరాసామి ఏనాడూ నూనె పెట్టిన పాపాన పోలేదు. బిగుసుకున్న ఇరుసు మెల్లిగానే తిరిగింది, అదే మేలైంది. ఒక కుందేలు దిగితే జానెడు, ఒక మేక దిగితే బారెడు, అలా కాటుకమ్మ కిందికి వచ్చింది. చివర్న వీరాసామి దిగి తొట్టి అంచు పట్టుకుని మెల్లిగా వదిలాడు. పొద్దు వాలేసరికి దాని కాళ్ళు ఇసుకను తాకాయి.

మేక దగ్గరికొచ్చి అడిగింది. "పైన ఎలా ఉందక్కా?"

"ఎవరూ లేరు" అంది కాటుకమ్మ. సూరయ్యను వీపు మీద ఎక్కించుకుని నేరుగా బురదగుంటకు పోయింది.

మరుసటేడు కాటుకమ్మ ఒంటినిండా బురదతో వచ్చి, కింది తొట్లో కూర్చుని "ఇప్పుడు మీరెక్కండి" అంది. పై తొట్టిని వీరాసామి నిచ్చెన వేసి నింపాడు. కుందేళ్ళూ, మేకలూ, జింకలూ పైనుంచి తొంగి తొంగి కిందికి చూశాయి. కింది తొట్టి నిండా కూర్చుని, తమను పైన నిలబెట్టిన కాటుకమ్మే వాటికి కనిపించింది.

"అబ్బ" అన్నాయి అన్నీ.

నీతి: మనల్ని పైకెత్తేవాళ్ళు కింద బరువు మోస్తుంటారు. వాళ్ళను మరిచి ఎక్కితే, ఎంత ఎత్తుకు వెళ్ళినా మనల్ని చూసేవాళ్ళుండరు.