గారెలంత చక్రాలు

దర్జా కోసం దివాన్ విరూపాక్షం తన చిన్న బండికి వెనకవైపు రథం చక్రాలు వేయించాడు. ఊరేగుతూ ముందుకు జారి ఎద్దు తోక మీద పడ్డాడు. నవ్వింది ఊరంతా, దొరికింది మాత్రం బండితోలే గవరయ్య.

"కోట నుంచి నీ బండి చక్రం వెయ్యి చుట్లు తిరిగేంత దూరం పోయి అక్కడే పడుండు! నా తీర్పుకు తిరుగులేదు!" అన్నాడు దివాన్. ఆ రాజ్యంలో దూరాన్ని చక్రం చుట్లతోనే కొలిచేవారు.

గవరయ్యకు ఊరు వదలడం చస్తే ఇష్టం లేదు. "చక్రాలు మార్చుకుని పొద్దున్నే పోతాను దొరా," అని ఇంటికొచ్చాడు.

"ఇప్పుడెలాగయ్యా?" అంది భార్య నీలమ్మ.

"గారెలంత చిన్న చక్రాలు చేస్తానే. కోట నుంచి మన గుమ్మానికి సరిగ్గా వెయ్యి చుట్లు పట్టాలి!"

తెల్లారి కోట ముందు నుంచి గారెలంత చక్రాల మీద బండి నేలను రాసుకుంటూ కదిలింది. భటులు లెక్కపెడుతూ వెంట నడిచారు. వెయ్యో చుట్టుకి గవరయ్య ఇల్లొచ్చింది.

దివాన్ పరుగున వచ్చాడు. "మోసం! పెద్ద చక్రాలు ఉండాలని తెలీదట్రా?"

"నాకంత తెలివెక్కడిది దొరా! తీర్పులో ఆ ముక్క మరిచిపోయానని మీరే అనండి, ఇప్పుడే పోతాను."

ఊరంతా చూస్తోంది. దివాన్ మీసం సవరించుకున్నాడు.

"నేను మరవడమేంట్రా? నిన్ను ఇంటికి పంపాలనే ఆ తీర్పిచ్చాను!"