పిల్లి గోళ్లు ఎందుకు దాక్కున్నాయి

ఒకప్పుడు పిల్లి గోళ్లు బయటే ఉండేవి. ఇప్పటిలా బొచ్చులో దాగి ఉండేవి కావు. కుక్క గోళ్లలాగే పద్దెనిమిదికి పద్దెనిమిదీ బయటికి పొడుచుకుని ఉండేవి. పిల్లి నడుస్తుంటే బండల మీద టిక్కు టిక్కుమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినగానే ఎలుకలు "అమ్మో, వస్తోందర్రా!" అని కన్నంలోకి దూరేవి. ఒక్క ఎలుకను పట్టాలంటే పాపం పిల్లి ఇల్లంతా పరుగులు పెట్టాల్సి వచ్చేది.

ఆ రోజుల్లో నూలుపేట అని నేతగాళ్ల ఊరొకటి ఉండేది. ఇంటికో మగ్గం, మగ్గానికో పిల్లి. పిల్లెందుకంటారా? మగ్గం మీద వందల దారాలు నిలువునా బిగిస్తారు. దాన్నే పడుగు అంటారు. దారం గట్టిపడటానికి దానికి గంజి పెడతారు. ఎలుకలకి గంజి దారమంటే పాయసమే! పిల్లి లేకపోతే నెల రోజుల కష్టం ఒక్క పూటలో ఎలుకల పొట్టలోకి పోతుంది.

ఆ ఊళ్లోనే చౌడమ్మ ఉండేది. నేతలో ఆమెకు ఆమే సాటి. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఆమె పిల్లి పేరు గవ్వ. తెల్లగా ఉండేది, గుండ్రంగా ముడుచుకుని పడుకునేది. చౌడమ్మ నేస్తున్నంతసేపూ దానితో కబుర్లాడేది. అదీ తోకాడిస్తూ బదులు చెప్పేది.

నూలుపేటలో ఒక ఆచారం ఉండేది. సోమవారం తెల్లవారగానే ఊరంతా గోళ్లు తీసుకోవాలి. గోరు పెరిగిన చేత్తో మగ్గం ఎక్కితే పట్టు పోగు చిక్కుకుంటుందని భయం. కులపెద్ద బసవలింగం ఇంటింటికీ వచ్చి పెద్దా చిన్నా అందరి చేతులూ తిప్పి తిప్పి చూసేవాడు. ఎవరికైనా కాస్త గోరు కనబడిందా, ఇక ఆ రోజు మగ్గం ముట్టనిచ్చేవాడు కాదు.

ఒకరోజు చౌడమ్మ పెళ్లి చీర నేస్తోంది. మూలనుంచి ఎలుక ఒకటి తుర్రుమంది. గవ్వ ఊరుకుంటుందా? ఎగిరి దూకింది. ఎలుకా దొరకలేదు, ఏమీ దొరకలేదు. దూకిన పిల్లి నేరుగా పడుగు మీద పడింది. గోళ్లు దారాల్లో ఇరుక్కున్నాయి. అది లాక్కుంది. పర్రుమని అరవై పోగులు తెగిపోయాయి!

చౌడమ్మ ఒంటికాలి మీద లేచింది. "దిక్కుమాలిన దానా! ఎలుక తింటే పిడికెడు పోయేది. నువ్వు కాపలా కాసి చీరంతా చించావు గదే!"

"అక్కా, కావాలని చేశానా? గోళ్లు బయటే ఉంటాయి, నేనేం చెయ్యను?" అంది గవ్వ చెవులు వాల్చేసి.

ఆ గొడవ ఆ ఇంట్లో ఆగలేదు. పక్కింటి నీలకంఠమ్మ, పాపం మొగుడు పోయిన మనిషి, కొంగు నోటికడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. "మా పిల్లీ అంతే చేసిందమ్మా. రెండు పడుగులు పోయాయి. పిల్లలకి గంజినీళ్లే పోస్తున్నాను" అంది. ఇంకేముంది, వీధంతా పోగైంది.

బసవలింగం గొంతు సవరించుకుని అన్నాడు: "ఇందులో ఆలోచించడానికేముంది? మనం గోళ్లు తీసుకునే మగ్గం ఎక్కుతున్నామా లేదా? పిల్లులకీ తీస్తే సరి!"

"కత్తిరిస్తే వారానికే మళ్లీ మొలుస్తాయి కదయ్యా" అన్నారెవరో.

అప్పుడు ముందుకొచ్చాడు గంగులయ్య. ఊరూరా తిరిగి పుచ్చిపోయిన పళ్లు పీకుతాడతను. చంకలో సంచి, సంచిలో పట్టకారు. "మొదలంటా తీసేస్తే ఇక మొలవవు. ఒక్కసారి ఓర్చుకుంటే జన్మంతా బెడద ఉండదు" అన్నాడు.

ఊరంతా సంబరపడిపోయింది! గోరంటే వాళ్లకి సోమవారం సోమవారం కత్తిరించి అవతల పారేసేదే. దానికి నొప్పేమిటి, రక్తమేమిటి? ఒక్కరికీ అనుమానం రాలేదు. చెబితే ఆశ్చర్యంగా ఉంటుంది, పిల్లులకే తెలియదు.

"ముందు మా గవ్వకే తియ్యండి" అంది చౌడమ్మ. మిగతా నలభై పిల్లులకీ మర్నాడు తియ్యాలని తీర్మానం చేసుకున్నారు.

గంగులయ్య అరుగు మీద కూర్చున్నాడు. పట్టకారు చూసి గవ్వ వెనక్కి జరిగింది. "ఏం కాదే, గోరేగా. నేను పక్కనే ఉంటాను" అంది చౌడమ్మ.

"నువ్వు పట్టుకుంటే సరే అక్కా" అని గవ్వ తన కుడి ముందుకాలు తనే ఆమె చేతిలో పెట్టింది.

అయ్యో, ఆ తరువాత ఏమైందో చెప్పాలంటేనే నోరు రావడం లేదు. గవ్వ ఒక్క కేక పెట్టింది. ఆ కేకకి వీధిలో కుక్కలు నోళ్లు మూసుకున్నాయి. ఉయ్యాల్లో పసిపిల్లలు ఉలిక్కిపడ్డారు. ఒక కాలి గోళ్లు అయ్యేసరికే పిల్లి చౌడమ్మ చేతుల్లోంచి జారిపోయి, మూడు కాళ్ల మీద కుంటుతూ మగ్గం కిందికి దూరింది.

గంగులయ్య గోళ్లు పీకి వేసిన పళ్లెంలోకి చౌడమ్మ చూసింది. అక్కడున్నది గోరు ఒక్కటే కాదు! ప్రతి గోరుకీ మొదలు దగ్గర చిన్న ఎముక ముక్క ఉంది. తడిగా, ఎర్రగా.

ఆమె పళ్లెం చేతిలోకి తీసుకుంది. "ఇదేమిటి? ఇదేమిటయ్యా గంగులయ్యా?"

"వేలి కొస" అన్నాడు గంగులయ్య పట్టకారు తుడుచుకుంటూ. "పిల్లి గోరు ఆ ఎముకలోంచే పుడుతుంది. ఎముక తియ్యందే గోరు ఎలా పోతుంది?"

"వేలు నరుకుతున్నానని ముందే చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా" అన్నాడతను.

విన్నారా! అడగలేదట! చౌడమ్మ తన చూపుడువేలు పైకెత్తి చూసుకుంది. చివరి కణుపు దగ్గర రెండో చేత్తో పట్టుకుంది. ఇక్కడి దాకా తీసేశారు గవ్వకి. ఒక్క వేలు కాదు, అయిదు. తీయమన్నది తనే, పట్టుకున్నదీ తనే. మగ్గం ముందు కూలబడి "గవ్వా, గవ్వా" అని పిలిచింది. గవ్వ మగ్గం కింద ఇంకా లోపలికి జరిగింది.

మర్నాడు పొద్దున వీధిలో నలభై బుట్టలు దిగాయి. బుట్టకో పిల్లి. గంగులయ్య పట్టకారుకి నూనె రాసుకుంటున్నాడు. బుట్టల్లోంచి పిల్లులు ఒకటే గోల. "గవ్వ కేక విన్నాం! మమ్మల్నేం చేస్తారు? విడిచిపెట్టండి!" అని అరుస్తున్నాయి.

చౌడమ్మ జుట్టు కూడా ముడుచుకోకుండా పరిగెత్తుకొచ్చింది. "ఆపండి! అది గోరు కాదు, వేలు! నా కళ్లారా చూశాను!" అని నెత్తీ నోరూ కొట్టుకుంది.

బసవలింగం విసుక్కున్నాడు. "నిన్న నువ్వే తియ్యమన్నావు, ఈరోజు నువ్వే వద్దంటున్నావు. పిల్లి ముఖ్యమా, బువ్వ ముఖ్యమా? వేలు కాదు, వేలి కొస. ఇంతటి ముక్క. అది లేకపోతే కొంపలేం మునగవు!"

చౌడమ్మ ఇక వాదించలేదు. బసవలింగం చేయి పట్టుకుంది. తను కట్టుకున్న చీర అంచు చించి, అతని వేళ్లు ఒక్కొక్కటీ చివరి కణుపు దగ్గర లోపలికి మడిచి గట్టిగా కట్టేసింది. పదివేళ్లూ కట్టింది. తన మగ్గం మీదనుంచి తెగిన పోగు ముక్కలు రెండు తెచ్చి అతని ముందు పెట్టింది.

"పెదనాయనా, ఊళ్లో నీ అంత చక్కగా పోగు అతికేవాడు లేడు. ఒక్క పోగు అతుకు."

బసవలింగం నవ్వాడు. తెగిన పోగు అతకడం ఆ ఊళ్లో అయిదేళ్ల పిల్లకీ వచ్చు. రెండు కొసలూ కలిపి, కాస్త బూడిద అద్ది, వేళ్ల కొసల మధ్య పెట్టి నలిపితే అతుక్కుంటుంది. పోగు తీయబోయాడు. అందలేదు. మళ్లీ తీయబోయాడు. జారిపోయింది. రెండు చేతులతో ఒడిసి పట్టబోయాడు. పోగు మోకాలి మీద పడింది గానీ చేతికి రాలేదు. చెమటలు పట్టాయి. నవ్వు ఎప్పుడో పోయింది.

"ఇంతటి ముక్కే కదా పెదనాయనా!" అంది చౌడమ్మ. "గవ్వ నిన్న సాయంత్రం మగ్గం కిందనుంచి వచ్చి గోడ ఎక్కబోయి మూడుసార్లు కిందపడింది. ఎలుక దాని ముందునుంచే నడిచిపోయింది. నడిచి! పరిగెత్తను కూడా లేదు!"

వీధి వీధంతా నోరెళ్లబెట్టింది. బసవలింగం కట్టేసిన వేళ్లకేసి చూసుకున్నాడు. ఎంతమంది చేతులు తిప్పి చూసినవాడు, ఏనాడూ తన వేళ్లను అలా చూసుకోలేదు. పళ్లతో కట్లు విప్పుకుని గంగులయ్యకేసి తిరిగాడు. "గంగులయ్యా, పట్టకారు సంచిలో పెట్టు. ఈ ఊళ్లోనే కాదు, మన కులంవాళ్లు ఉన్న ఏ ఊళ్లోనూ పిల్లి వేలి మీద ఇనుము పడకూడదు. ఇది నా మాట."

బుట్టల్లో పిల్లులు ఊపిరి పీల్చుకున్నాయి. కానీ నీలకంఠమ్మ కళ్లు తుడుచుకుంటూ లేచింది. "మాట బాగానే ఉంది. పిల్లిని నొప్పించమని నేనూ అనను. మరి నా పడుగు సంగతి? మూడోది కూడా చినిగితే నా పిల్లలకి ఎవరు పెడతారు?"

ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? మనుషులూ పిల్లులూ తలలు దించుకున్నారు.

అప్పుడు చౌడమ్మ ఇంట్లోంచి, మగ్గం మీదున్న నాడె మాట్లాడింది. నాడె అంటే పడుగు మధ్యలో ఇటూ అటూ పరిగెత్తి అడ్డదారం వేసే చెక్క పడవ. "నాకూ రెండు మొనలున్నాయి. రోజంతా పోగుల మధ్యే తిరుగుతాను. ఒక్కటైనా తెంపానా? దారం చుట్టిన కండెను కడుపులో దాచుకుంటాను. అవసరమైనంతే బయటికి వదులుతాను. రాత్రినుంచీ మగ్గం కింద గవ్వ ఏం చేస్తోందో ఎవరైనా చూశారా?"

అందరూ చౌడమ్మ ఇంట్లోకి వచ్చి మగ్గం కిందికి వంగి చూశారు. గవ్వ మూల ముడుచుకుని కూర్చుంది. మిగిలిన గోళ్లు కూడా తీసేస్తారేమోనని భయపడి, తెల్లవార్లూ వేళ్లు లోపలికి లాక్కుని లాక్కుని బిగబట్టుకుంది. లాక్కోగా లాక్కోగా ఆ గోళ్లు వేళ్లలోకే వెళ్లిపోయాయి! పైన బొచ్చు కప్పేసింది. గోరన్నది కనబడితే ఒట్టు!

"ఆఁ!" అన్నాడు బసవలింగం.

"బయటికి రావా మరి?" అని అడిగింది నీలకంఠమ్మ.

గవ్వ, గంగులయ్య చేతిలో ఇంకా ఉన్న పట్టకారుకేసి చూసింది. గోళ్లు చటుక్కున బయటికొచ్చాయి. గంగులయ్య పట్టకారు సంచిలో పడేసి భుజాన వేసుకోగానే మళ్లీ లోపలికి పోయాయి. గంగులయ్య వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

బుట్టలన్నీ తెరిచారు. నలభై పిల్లులూ గవ్వ చుట్టూ చేరి వేళ్లు లాగడం మొదలుపెట్టాయి. ఒక గండుపిల్లి మరీ గట్టిగా లాగి వెల్లకిలా పడింది. పొద్దుగూకేసరికి గోళ్లు దాచుకోవడం అన్నిటికీ వచ్చేసింది. మగ్గాల మీద నడిచి చూపించాయి. ఒక్క పోగు తెగలేదు. నీలకంఠమ్మ పడుగు మీద మూడు పిల్లులు వరసగా నడిచాయి. అడుగుల చప్పుడు కూడా లేదు. ఎలుకలకి మూడింది.

గవ్వ కుడికాలి గోళ్లు మాత్రం తిరిగి రాలేదు. పోయినవి పోయాయి.

చౌడమ్మ రోజూ పాలు పెట్టేది. గవ్వ తాగేది గానీ పది రోజుల దాకా దగ్గరికి రాలేదు. పదకొండో రోజు వచ్చి ఒడిలోకెక్కి పడుకుంది. చౌడమ్మకి ఏడుపు ఆగలేదు. "తప్పయిపోయిందే తల్లీ. మానిందో లేదో ఒక్కసారి చూడనీ" అని మెల్లగా ఆ కాలు పట్టుకోబోయింది.

గవ్వ కాలు వెనక్కి లాక్కుని గుండె కింద దాచుకుంది. ఒడిలోంచి మాత్రం దిగలేదు.

"అక్కా, పాలు నీవే, ఒడీ నీదే. వేళ్లు మాత్రం నావి" అంది.

అప్పటినుంచే పిల్లి గోళ్లు వేళ్లలో దాగి ఉంటాయి. అప్పటినుంచే పిల్లి చప్పుడు లేకుండా నడుస్తుంది. మీ ఇంట్లో పిల్లుంటే చూడండి. మీ ఒడిలో పడుకుంటుంది, గొంతు కింద గోకించుకుంటుంది, గుర్రుగుర్రుమంటుంది. అలా నిద్రలో ఉన్నప్పుడు దాని వేలు పట్టుకోబోయారా, కళ్లయినా తెరవకుండా కాలు వెనక్కి లాక్కుంటుంది.